పాత ఇంటి మొజాయిక్ పగలగొట్టాలా, మీదే టైల్స్ వేయాలా, పాలిష్ చేయించాలా?

మీ ప్రశ్న మొత్తం చదివానండి. వనస్థలిపురంలో 1980ల చివర్లో నాన్నగారు కట్టించిన ఇండిపెండెంట్ ఇల్లు, కింద ఫ్లోర్ సుమారు 900 ఎస్ఎఫ్‌టీ, హాల్లో బెడ్‌రూముల్లో మొజాయిక్, వంటింట్లో వరండాలో తాండూరు బండ, పైన అద్దెకిచ్చిన పోర్షన్. అమ్మగారికి నాన్నగారికి డెబ్భై దాటాయి, వాళ్ళు అక్కడే ఉంటారు, మీరేమో బెంగళూరులో. ఒక కాంట్రాక్టర్ వచ్చి చూసి "పగలగొట్టే పనే లేదు, పాత ఫ్లోర్ మీదే 2 బై 4 అడుగుల గ్లాసీ టైల్స్ వేసేద్దాం, పైన కింద రెండూ కలిపి రెండు వారాల్లో ఇచ్చేస్తా" అన్నాడు, ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు.

నేను చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో ఫ్లోరింగ్ పనులే చేయిస్తున్నా, అదీ ఎక్కువగా ఇలాంటి పాత కాలనీల్లోనే, మీ వైపు, దిల్‌సుఖ్‌నగర్, ఏ.ఎస్. రావు నగర్, సైనిక్‌పురి, మారేడ్‌పల్లి. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. నా సమాధానం ముందే చెప్పేస్తా: అతనికి ఇప్పుడే సరే అనకండి, టైల్స్ షాపుకి అసలు వెళ్ళకండి. ఏ టైల్ వేయాలి అనేది ఆఖరి ప్రశ్న. ఇప్పుడున్న ఫ్లోర్ ఎలా ఉంది, దాని కింద ఏం జరుగుతోంది అనేది మొదటి ప్రశ్న, దానికి జవాబు దొరికితే మిగతావన్నీ వాటంతట అవే తేలిపోతాయి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే హాలు, ఒక బెడ్‌రూమ్ పాలిష్‌తోనే అయిపోతాయనిపిస్తోంది, నాన్నగారి గదిలో బాత్రూమ్ వైపు మూల కుంగింది అన్నారు కదా, అక్కడ మాత్రం తప్పకుండా తవ్వాల్సి వస్తుంది.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పూట దీనికే కేటాయించండి. గదిలో సామాను కొంచెం జరిపి, చిన్న సుత్తి పిడితో గానీ పాత రూపాయి బిళ్ళతో గానీ అడుగుకొకచోట ఫ్లోర్ మీద తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా ఉన్నచోట శబ్దం టక్‌మని తెగిపోతుంది, డొల్లగా ఉన్నచోట డబ్‌మని కింద నుంచి మోగుతుంది, ఒక్కసారి తేడా విన్నారంటే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. డొల్ల ఉన్నచోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. గది మొత్తం అయ్యాక నిలబడి చూస్తే మ్యాప్ మీ కళ్ళ ముందే ఉంటుంది: అక్కడొకటి ఇక్కడొకటి అరచేయంత మచ్చలైతే రిపేర్‌తో పోతుంది, గదిలో మూడోవంతు పైగా మోగుతుంటే ఆ గది మీద పాలిష్ డబ్బులు పెట్టడం దండగ. పగుళ్ళు కూడా చూడండి. వెంట్రుక మందం పగుళ్ళు పాత మొజాయిక్‌లో మామూలే, భయం లేదు. పగులుకి ఒకవైపు ఎత్తు ఒకవైపు పల్లం ఉండి వేలికి తగులుతుంటే మాత్రం కింద మట్టి కదిలినట్టే.

మీ మూల గది విషయం అందుకే చెప్తున్నా. పాత కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్ కుంగడానికి నేను చూసిన కారణాలు మూడే. ఒకటి కట్టేటప్పుడు బేస్‌మెంట్‌లో పోసిన మట్టిని సరిగ్గా నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టకపోవడం, కానీ అదైతే మొదటి కొన్నేళ్ళలోనే కుంగి ఆగిపోతుంది. రెండోది బాత్రూమ్ నుంచి వెళ్ళే పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) డ్రైనేజ్ పైపు జాయింట్ ఊడిపోయి రోజూ కొంచెం కొంచెం నీళ్ళు మట్టిలోకి పోతూ మట్టిని లాక్కెళ్ళిపోవడం. మూడోది పందికొక్కులు, పగిలిన పైపు దగ్గరో డ్రైనేజ్ చాంబర్ దగ్గరో దారి చేసుకుని ఫ్లోర్ కింద సొరంగాలు తవ్వేస్తాయి. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు కొత్తగా కుంగుతోందంటే, అదీ బాత్రూమ్ వైపే అంటే, రెండోది గానీ మూడోది గానీ, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. దాని మీద మీరు ఎంత ఖరీదైన టైల్ వేయించినా ఏడాదిలో టైల్‌తో సహా కుంగుతుంది. కాంట్రాక్టర్ ఈ మూల గురించి ఒక్క మాటైనా మాట్లాడాడా? మాట్లాడకపోతే అతను ఫ్లోర్ చూడలేదు, కొలతలు మాత్రమే చూశాడు.

తర్వాత చెమ్మ. ఆ కాలం ఇళ్ళల్లో గ్రౌండ్ ఫ్లోర్ కింద ప్లాస్టిక్ షీట్ లాంటిది వేసే అలవాటు లేదు, నేల చెమ్మ మొజాయిక్‌లోంచి మెల్లగా పైకి వచ్చి గాలికి ఆరిపోతుంటుంది, మనకు తెలియదు. దాని మీద విట్రిఫైడ్ టైల్ వేస్తే, ఆ టైల్ నీళ్ళు పీల్చేది అర శాతం లోపే కాబట్టి, ఆ చెమ్మకి దారి మూసుకుపోయి జాయింట్లలోంచి, గోడల అడుగునుంచి బయటికొస్తుంది. స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) పైన పెయింట్ ఉబ్బి తెల్లటి చౌడు రాలుతుందే, అదే ఇది. పరీక్ష చాలా సులువు: రెండడుగుల చదరం మందపాటి ప్లాస్టిక్ కవర్ తీసుకుని నాలుగువైపులా టేప్‌తో ఫ్లోర్‌కి గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసినప్పుడు కవర్ లోపల నీటి బిందువులున్నా, ఫ్లోర్ రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. వానాకాలంలో ఒకసారి, ఎండల్లో ఒకసారి చూస్తే ఇంకా మంచిది. చెమ్మ ఉన్న గదిలో పాత ఫ్లోర్ మీద టైల్ వేయడం నేనైతే చేయించను.

ఇంకొకటి, రోడ్డు. మీ వీధిలో సీసీ రోడ్డు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా మీదే వేసుకుంటూ వచ్చి ఉంటారు, అన్ని కాలనీల్లో అదే కథ. ఇంటి ఫ్లోర్ రోడ్డు కంటే ఇప్పుడు ఎన్ని అంగుళాలు ఎత్తులో ఉందో ట్యూబ్ లెవెల్ (నీళ్ళు నింపిన సన్న గొట్టం) పట్టించి కొలిపించండి. 2020 అక్టోబరు వానలకి మీ గేటు లోపలికి నీళ్ళు వచ్చాయా, వరండా దాకా వచ్చాయా అని అమ్మగారిని అడగండి, ఆవిడకి బాగా గుర్తుంటుంది. వచ్చి ఉంటే ఫ్లోర్ పెంచాలా అనే పెద్ద ప్రశ్న వస్తుంది, అది టైల్స్ పని కాదు. స్లాబ్ పదడుగులు ఉంటే ఆరంగుళాలు పెంచినా పైన ఇబ్బంది లేదు గానీ ఏడడుగుల ద్వారబంధం ఆరున్నర అయిపోతుంది, కిటికీలు కిందికి వస్తాయి, బాత్రూములు గుంటలవుతాయి. ఆ నిర్ణయం ముందు తీసుకోండి, కొత్త ఫ్లోరింగ్ వేశాక రెండేళ్ళకి మళ్ళీ పెంచుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇప్పుడు మీద టైల్ వేయడం గురించి సూటిగా. అది తప్పు పద్ధతి కాదు. గట్టిగా, డొల్ల లేకుండా, చెమ్మ లేకుండా ఉన్న ఫ్లోర్ మీద అడ్హెసివ్‌తో, అంటే టైల్ అంటించే బస్తా జిగురుతో, వేస్తే బాగానే నిలుస్తుంది. కానీ రెండు షరతులు. మొజాయిక్ మీద ఏళ్ళ తరబడి పట్టిన మైనం, నూనె, ఫినాయిల్ పొర ఉంటుంది, దాన్ని గ్రైండ్ చేసి గరుకుగా చేయకుండా వేస్తే అడ్హెసివ్ ఆ పొరకి అంటుకుంటుంది గానీ ఫ్లోర్‌కి కాదు. రెండోది, బస్తా మీద పాత టైల్ మీద టైల్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉన్న రకమే తేవాలి, అడ్హెసివ్‌లకి ఐఎస్ 15477 అనే ప్రమాణం ఉంది, ఆ నంబరు, టైపు బస్తా మీద చూసుకోండి. చాలామంది మేస్త్రీలు టైల్ వెనక నాలుగు మూలలా నడిమధ్యలో ఒక్కో ముద్ద పెట్టి నొక్కేస్తారు, అది అస్సలు ఒప్పుకోకండి, ముద్దల మధ్య ఖాళీ మీద మంచం కాలు పడిన రోజు టైల్ పగులుతుంది. పళ్ళున్న తాపీతో ఫ్లోర్ అంతా గీతలు గీతలుగా పరిచి, పెద్ద టైల్ అయితే వెనక కూడా పల్చగా పూసి వేయాలి. మొదటి టైల్ వేయగానే ఒకసారి ఎత్తించి వెనక చూడండి, మూలలతో సహా అంతా అంటి ఉండాలి.

ఎత్తు లెక్క కూడా వేసుకోండి. టైల్ 9 ఎంఎం, అడ్హెసివ్ 4 నుంచి 6 ఎంఎం, అంటే 15 ఎంఎం దాకా, అరంగుళం పైనే పెరుగుతుంది. చూడ్డానికి చిన్నదే. కానీ ప్రతి తలుపూ కింద కోయాలి, పాత టేకు తలుపుల అడుగు కోసేటప్పుడు చూసి కోయాలి. వంటింటి తాండూరు బండకీ హాల్‌కీ మధ్య కొత్తగా అరంగుళం మెట్టు వస్తుంది. పైకెళ్ళే మెట్లలో మొదటి మెట్టు మిగతావాటికంటే పొట్టిదైపోతుంది. కాలు ఒక లెక్కకి అలవాటు పడి ఉంటుందండి, ఆ ఇంట్లో మూడు దశాబ్దాల పైగా తిరిగిన మనిషికి కళ్ళతో పనిలేకుండా నడిచే అలవాటు ఉంటుంది, రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు ఆ అరంగుళమే పడేస్తుంది. పెద్దవాళ్ళు ఇంట్లో పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

పైన పోర్షన్ విషయంలో మాత్రం ఇంకా గట్టిగా చెప్తా. అక్కడ పాత ఫ్లోర్ మీద ఇసుక సిమెంట్ బెడ్ పోసి టైల్ వేస్తానంటే వద్దనండి. రెండంగుళాల బెడ్, టైల్ కలిపి చదరపు మీటరుకి 120 కిలోల పైన బరువు. ఇళ్ళ స్లాబులకి మనుషులు, సామాను కోసం డిజైన్‌లో లెక్కేసేదే మీటరుకి సుమారు 200 కిలోలు. అందులో సగం పైన మీరు ఫ్లోరింగ్‌కే శాశ్వతంగా రాసిచ్చినట్టవుతుంది, అదీ నలభై ఏళ్ళకి దగ్గరపడుతున్న స్లాబు మీద. పైన అయితే పాలిష్, లేదంటే పాతది పూర్తిగా తీసేసి కొత్తది.

ఇక పాలిష్. మీరు పెట్టిన ఫోటోలో హాలు ఫ్లోర్ జూమ్ చేసి చూశా, తెలుపు నలుపు చిప్స్, మధ్యలో అక్కడక్కడ లేత గోధుమ రంగు, నాలుగడుగుల గళ్ళుగా గాజు పట్టీలు. అది ఇంట్లోనే పోసిన మొజాయిక్, అంగుళం పైన కాంక్రీట్ బెడ్, దాని మీద 10, 12 ఎంఎం చిప్స్ పొర ఉంటుంది. ఇప్పుడు ఆ పని వచ్చిన మేస్త్రీలు చాలా తగ్గిపోయారు, కొత్తగా పోయించాలంటే మంచి విట్రిఫైడ్ కంటే ఎక్కువే అవుతుంది. అది మసగ్గా ఉంది, అక్కడక్కడ పసుపెక్కింది, అంతే, చెడిపోలేదు. దయచేసి దాన్ని పగలగొట్టకండి.

పని ఎలా జరుగుతుందంటే, మెషీన్‌కి 60 నంబరో 80 నంబరో రాళ్ళు (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన) కట్టి నీళ్ళు పోస్తూ మొదటి కటింగ్ చేస్తారు. బూడిదరంగు గుజ్జు కారుతుంది, అది వైపర్‌తో లాగేస్తే కింద చిప్స్ కోసిన పండు లోపలి రంగులా విచ్చుకుని కనిపిస్తాయి, అప్పుడే మీ ఫ్లోర్ అసలు రంగు తెలుస్తుంది. ఆ దశలో సన్నటి రంధ్రాలు, పగుళ్ళు అన్నీ బయటపడతాయి, వాటిలో అదే షేడ్ సిమెంట్ గుజ్జు రుద్ది నాలుగైదు రోజులు తడి ఆరకుండా ఉంచాలి. ఇక్కడే తొందరపడతారు, సాయంత్రం రుద్ది పొద్దున్నే మెషీన్ పెడతారు, అప్పుడు ఆ సిమెంట్ అంతా ఊడొచ్చేస్తుంది. తర్వాత 120, 220, 320 లేదా 400, ఆపైన ఆగ్జాలిక్ యాసిడ్ పొడితో రుద్దడం, చివరికి మైనం. ఇప్పుడు డైమండ్ ప్యాడ్లు కూడా వాడుతున్నారు, 800, 1500, 3000 దాకా వెళ్ళొచ్చు, మెరుపు బాగా వస్తుంది. కానీ మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారు కాబట్టి అంత అద్దంలా వద్దు, 400, 800 దగ్గర ఆపేసి మైనం బాగా పల్చగా పెట్టించండి. పెద్ద ముక్క ఊడిన చోట చిప్స్ కలిపి ప్యాచ్ వేస్తారు, ఎంత బాగా కలిపినా దగ్గరగా చూస్తే ప్యాచ్ తెలుస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి, మంచం కిందకో అల్మారా కిందకో వచ్చే చోటు నుంచి చిప్స్ తీయించి వాడితే రంగు చాలావరకు కలుస్తుంది.

మెషీన్ పెట్టేముందు ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి, ఇది మాత్రం మర్చిపోకండి. నీళ్ళలో నిలబడి మోటార్ నడిపే పని అది, పాత ఇళ్ళల్లో ఎర్త్ పిట్ ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. ఆ గుజ్జుని బాత్రూమ్ నానీ ట్రాప్‌లోకి (నీళ్ళు పోయే జాలీ రంధ్రంలోకి) తోసేయనివ్వకండి, అది లోపల సిమెంటులా గడ్డకడుతుంది. డ్రమ్ముల్లోకి ఎత్తించి, తేరాక పైన నీళ్ళు వంపేసి అడుగుది బస్తాల్లో కట్టించాలి. స్కర్టింగ్ చేతి మెషీన్‌తో విడిగా చేస్తారు, దాని రేటు విడిగా అడుగుతారు, ముందే మాట్లాడుకోండి. మొత్తం కలిపినా కొత్త టైల్స్, అడ్హెసివ్, లేబర్, పగలగొట్టడం, మట్టి ఎత్తడం అన్నిటి ఖర్చులో చిన్న వంతే అవుతుంది.

పాలిష్ అయ్యాక అమ్మగారికి, పనిమనిషికి ఒక్క మాట చెప్పండి, బాత్రూమ్ కడిగే యాసిడ్ ఆ ఫ్లోర్ మీద ఎప్పుడూ పడకూడదు. మొజాయిక్‌లో ఉండేది చలువరాయి చిప్స్, సిమెంటు, రెండూ యాసిడ్‌కి నురగ కక్కి కరిగిపోతాయి. పండగ ముందు "కాస్త యాసిడ్ వేసి కడిగితే తెల్లగా వస్తుంది" అని చేసే పనే చాలా ఇళ్ళల్లో మెరుపు పోవడానికి కారణం. నిమ్మరసం, చింతపండు పులుసు పడినా వెంటనే తుడవాలి. తాండూరు బండా సున్నపురాయే కాబట్టి దానికీ ఇదే వర్తిస్తుంది. వంటింట్లో బండలు సమంగా ఉంటే వాటికీ పాలిష్ పడుతుంది, పెచ్చులు లేస్తున్నవి మాత్రం తీసి కొత్తవి వేయించండి, నీలం తాండూరు ఇప్పటికీ దొరుకుతుంది, ధర కూడా భారం కాదు. నూనె లోపలికి ఇంకిన మచ్చ పూర్తిగా పోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

నాన్నగారి గది మాత్రం తవ్వాలి అన్నాను కదా, తవ్వేటప్పుడే అన్నీ చేసేయండి. మొజాయిక్ తీసి, పైపు దొరికేదాకా మట్టి తీసి, స్టోన్‌వేర్ లైన్ మొత్తం పీవీసీకి మార్చి, వాటం సరిగ్గా పెట్టి చాంబర్ దాకా కలపాలి. ఫ్లోర్ కింద జీఐ (ఇనుప) నీళ్ళ లైన్ ఉంటే అదీ వదిలేసి సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు వేయించండి, తుప్పు పట్టిన లైన్ మీద కొత్త ఫ్లోర్ వేస్తే మళ్ళీ తవ్వే రోజు దూరం ఉండదు. పందికొక్కుల బొరియలుంటే గాజుపెంకులు కలిపిన కాంక్రీట్‌తో మూయించాలి. చెదల మందు కొట్టించాలి, మనవైపు ఇళ్ళల్లో ద్వారబంధాల అడుగునుంచే చెద మొదలవుతుంది. మట్టి ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి, నాలుగంగుళాల కాంక్రీట్ వేసి, వారం తడిపాకే టైల్. ఈ గదిలో పాత ఫ్లోర్ పోతుంది కాబట్టి కొత్త టైల్ లెవెల్ సరిగ్గా హాలు లెవెల్‌కే తెప్పించవచ్చు, మెట్టు రాదు, పక్కనే బాత్రూమ్ కూడా చేయించేస్తే వాటర్‌ప్రూఫింగ్ చేసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూడొచ్చు.

ఆ గదికి టైల్ అంటే నా సలహా 2 బై 2 మ్యాట్. 2 బై 4 షోరూమ్‌లో అందంగా ఉంటుంది, కానీ పాత ఇళ్ళల్లో గదులు మూలమట్టానికి ఉండవు, రెండు మూలల మధ్య ఐమూలగా టేపు పట్టి చూడండి, రెండు వైపులా కొలత అంగుళం తేడా వచ్చినా పెద్ద టైల్‌లో గోడ పక్కన కోసిన ముక్క ఒకచోట సన్నగా ఒకచోట వెడల్పుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా పొడుగు టైల్స్‌కి నడుమ కొద్దిగా వంపు ఉంటుంది, ఇటుకల వరసలా సగానికి సగం జరిపి వేస్తే అంచులు వేలికి తగులుతాయి. గ్లాసీ టైల్ మీద నాలుగు చుక్కల నీళ్ళు పడితే చాలు, కనిపించవు కూడా. గదికి మ్యాట్, బాత్రూమ్‌కి కాలు జారకుండా ఉండే ఆర్ 10 లేదా ఆర్ 11 రేటింగ్ ఉన్నది అడగండి, తడి పాదంతో ఆ టైల్ మీద నిలబడి చూసి కొనండి. టైల్‌కి టైల్‌కి మధ్య 2 ఎంఎం స్పేసర్ పెట్టాలి, గోడల చుట్టూ స్కర్టింగ్ కింద దాక్కునేలా కాస్త ఖాళీ వదలాలి. జాయింట్ లేకుండా ఆనించి వేసిన టైల్స్ మన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం టప్‌మని పైకి లేచి గుడారంలా నిలబడతాయి, ఇంట్లోవాళ్ళు భూకంపం అనుకుంటారు.

కొనేటప్పుడు, 2 బై 2 పెట్టెలో నాలుగు టైల్స్, సుమారు పదిహేనున్నర ఎస్ఎఫ్‌టీ వస్తుంది. 120 ఎస్ఎఫ్‌టీ గదికి ఎనిమిది పెట్టెలు, కోతలకి ఒకటి, స్కర్టింగ్‌కి ఒకటి, ఆపైన దాచుకోవడానికి ఇంకొకటి, మొత్తం పదకొండు. అన్ని పెట్టెల మీద బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటే ఉండాలి.

అమ్మానాన్నల్ని పని జరిగే ఇంట్లో ఉంచకండి, ఆ దుమ్ము ఆ వయసులో ఊపిరితిత్తులకి మంచిది కాదు. వీలైతే మీ దగ్గరికి తెచ్చుకోండి, లేదంటే సగం ఇల్లు పూర్తయ్యాక మిగతా సగం మొదలుపెట్టించండి, నెల రోజులు పట్టినా పర్వాలేదు. దసరా తర్వాత మొదలుపెట్టి శివరాత్రి లోపు ముగించుకుంటే బాగుంటుంది, వానల్లో ఏదీ ఆరదు, ఎండల్లో పాలిష్‌కి కావల్సినన్ని నీళ్ళు బోరు ఇవ్వదు. పగిలిన మొజాయిక్‌ని ఖాళీ ప్లాట్‌లో పోయించొద్దు, కట్టడాల చెత్త తీసుకునే ప్లాంటు మీకు దగ్గర్లో ఫతుల్లగూడలోనే ఉంది, ట్రాక్టర్ వాడితో ముందే మాట్లాడుకోండి.

కాంట్రాక్టర్‌తో కాగితం మీద రాసుకోండి: ఏ గదిలో ఏ పని, పాలిష్ ఎన్ని నంబర్ల దాకా, స్కర్టింగ్ కలిపా విడిగానా, అడ్హెసివ్ పేరు, టైపు, పైపులు మార్చడం ఎవరి ఖాతాలో, మట్టి ఎత్తడం ఎవరి ఖాతాలో. అడ్వాన్స్ కొంచెమే ఇచ్చి, గది గదికీ పని చూసి ఇవ్వండి. చివరి పది శాతం మాత్రం పని అయిన రెండు వారాల తర్వాత, మీరే వచ్చి అదే రూపాయి బిళ్ళతో ప్రతి టైల్ తట్టి చూసుకున్నాకే ఇస్తానని ముందే చెప్పండి. మంచి మేస్త్రీ దీనికి అడ్డు చెప్పడు. డొల్ల మ్యాప్ గీశాక ఫోటోలు, ప్లాస్టిక్ కవర్ పరీక్ష ఫలితం ఇక్కడే పెట్టండి, గది గదికీ ఏం చేయాలో చూసి చెప్తాను.